మంచం కింద కాలు, మరిది ఫోన్లో పెన్షన్

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన ఆర్మీలో నాయక్. మూడేళ్ల కిందట సరిహద్దు దగ్గర పెట్రోలింగ్‌కి వెళ్లినప్పుడు మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. పుణెలో కృత్రిమ కాలు పెట్టారు. రెండేళ్ల కిందట మెడికల్ బోర్డు 60 శాతం అని రాసి ఇంటికి పంపేసింది. మొదట్లో ఆ కాలుతో బాగానే తిరిగేవారు. ఏడాదిగా దాన్ని తువ్వాల్లో చుట్టి మంచం కింద పెట్టేశారు. చంకకర్రలతో బాత్రూమ్ దాకా వెళ్తారు, అంతే. ఎవరైనా వస్తే కాళ్ల మీద దుప్పటి లాక్కుంటారు. రాత్రిళ్లు లేచి లేని కాలు నొప్పి పుడుతోందంటారు. సాయంత్రమైతే తాగుతున్నారు. పెన్షన్ సంగతులన్నీ మా మరిదే చూస్తాడు, అడిగితే "నీకెందుకొదినా ఆ టెన్షన్" అంటాడు. నేను ఇంటర్ చదివాను. ఏదైనా నేర్చుకుని పని చేద్దామని ఉంది. మామగారు "పెన్షన్ వస్తోంది కదా, వాణ్ణి చూసుకుంటే చాలదా" అంటారు. పాపకి ఎనిమిదేళ్లు. ముందు ఆయన్ని మామూలు మనిషిని చేసుకుని, ఆ తర్వాత నా సంగతి చూసుకోవాలా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

– పేరు వేయొద్దు

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందరూ నీకు "ఆయనకి మనసు బాగోలేదు, ధైర్యం చెప్పు" అని చెప్పి ఉంటారు. నేను మాత్రం ముందు మంచం కింద ఉన్న ఆ కాలు బయటికి తియ్యమంటాను. ఆయన్ని తొడుక్కోమని బలవంతం చెయ్యడానికి అనుకునేవు, అది కాదు, చూడటానికి. మొదట్లో బాగానే తిరిగేవారని నువ్వే రాశావు. బాగా తిరిగిన మనిషి ఏడాది తర్వాత కాలు పక్కన పెట్టేశాడంటే, మనసు కంటే ముందు సాకెట్‌ని అనుమానించాలి.

సాకెట్ అంటే మోకాలి కింద మిగిలిన భాగం లోపలికి దూరే గిన్నె లాంటి భాగం. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ మొండి భాగం వాచి ఉంటుంది. ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర పాటు అది చిక్కిపోతూనే ఉంటుంది. వాపు ఉన్నప్పుడు కొలిచి చేసిన గిన్నెలో చిక్కిన కాలు ఆడుతుంది. ఆడితే ఒరుసుకుంటుంది, ఒరుసుకుంటే పుండు పడుతుంది, పుండు మీద మనిషి బరువంతా మోపి నడవాలి. మన వైపు ఉక్కపోత సంగతి చెప్పనక్కర్లేదు, లోపల చెమట పట్టి సాక్సు తడిసి ముద్దవుతుంది. ఇవన్నీ ఆయన నీకు చెప్పి ఉండరు. ఫౌజులో "నొప్పిగా ఉంది సాబ్" అంటే పనికి దొంగ అంటారని మాకు మొదటి ఆరు నెలల్లోనే నేర్పేస్తారు కాబట్టి, పెళ్లాం దగ్గర కూడా నోరు విప్పం. విప్పకుండా తువ్వాలు చుట్టి మంచం కిందికి తోసేస్తాం.

నేనే ఇందుకు ఉదాహరణ. ఆర్టిలరీ యూనిట్లో క్లర్కుగా ఇరవయ్యారేళ్లు చేశాను. క్లర్కునే అయినా ఫైరింగ్ రేంజికి వెళ్లడం తప్పదు, ఆ ఫిరంగుల మోతకి కుడి చెవి పోయింది. ఇంటికొచ్చాక మిషన్ ఇచ్చారు. నాలుగేళ్లు అది బీరువాలో నా కళ్లజోడు పెట్టె పక్కన పడుంది. మా ఆవిడ "మీకు సిగ్గు" అనేది. సిగ్గు కొంత ఉందిలే, కానీ అసలు సంగతేంటంటే అది పెట్టుకుంటే చెవిలో ఈల వేసేది. చెవికి సరిపడే అచ్చు వేరే పోయించాలని నాకెవరూ చెప్పలేదు. అచ్చు మార్పించిన రోజు నుంచి తీయలేదు. నాలుగేళ్లు మా ఆవిడ గోడతో కాపురం చేసినట్టే.

కాబట్టి ఇలా చెయ్యి. ఒక పూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాప బడికి వెళ్లాక, ఆయన తాగని వేళ, "ఇది వేసుకుంటే ఎక్కడ తగులుతోంది?" అని అడుగు. ఎందుకు వేసుకోవడం లేదని మాత్రం అడక్కు, ఆ ప్రశ్నకి జవాబు రాదు. మొండి భాగం మీద చర్మం చూడు. కాలు తీశాక వచ్చే ఎరుపు పది పదిహేను నిమిషాల్లో పోవాలి. పోకుండా మచ్చలా మిగిలిపోయిందంటే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టు. సాక్సు మీద సాక్సు రెండు మూడు ఎక్కిస్తే గానీ కాలు బిగుతుగా నిలబడటం లేదంటే సాకెట్ మార్చే టైమొచ్చినట్టు. కాలు కడగడం రాత్రి పడుకోబోయే ముందు పెట్టుకోమను. పొద్దున్నే కడిగి తడి ఆరకముందే తొడిగితే చర్మం నాని ఇంకా చెడుతుంది.

ఇంకోటి కూడా చూడు. కృత్రిమ పాదాన్ని మామూలుగా బూటు మడమ ఎత్తుకి సరిచేసి బిగిస్తారు. పుణెలో బూట్లేసుకుని వరండాలో నడిచినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. మన ఇళ్లల్లో గుమ్మం దగ్గర చెప్పులు విప్పేస్తాం కదా, వట్టి పాదంతో నడిస్తే మడమ కిందికి దిగి మనిషిని వెనక్కి లాగినట్టుంటుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోలేడు, గుళ్లోకి వెళ్లలేడు, నాటు మరుగుదొడ్డిలో గొంతు కూర్చోలేడు. ఇంట్లోనే పనికిరానిది ఎవరికి కావాలి? జైపూర్ కాలు పుట్టిందే ఈ ఇబ్బంది చూసి. 1960ల చివర్లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, సేథీ అనే ఎముకల డాక్టరు కలిసి, చెప్పుల్లేకుండా నడిచే, గొంతు కూర్చునే మనవాళ్ల కోసం రబ్బరుతో ఆ పాదం తయారుచేశారు. మీ ఆయనకి ఇప్పుడున్న కాలే మార్పించాలా, ఇంట్లోకి వేరే పాదం కావాలా అన్నది కాలు చేసే చోట కొలతలు తీసేవాళ్లు చెప్తారు. ప్రస్తుతానికి ఒక చిన్న పని చెయ్యి, ఇంట్లో తిరగడానికని విడిగా ఒక జత కొత్త బూట్లు కొని పెట్టు, వీధిలోకి వేసుకెళ్లనివి. మీ అత్తగారు మొదటి రోజు ఏదో అంటుంది, ఊరుకో.

లేని కాలు నొప్పి అన్నావు. అది భ్రమ కాదు, నటన కాదు, తాగుడు వల్ల వచ్చింది అసలే కాదు. కాలు పోయినా ఆ కాలి తాలూకు నరాలు, మెదడులో దాని చోటు అలాగే ఉంటాయి. అందుకే లేని బొటనవేలు దురద పెడుతుంది, లేని పిక్క కొరకొరలాడుతుంది. దీనికి మందులున్నాయి, రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలి నీడని లేని కాలిగా చూస్తూ కదిలించే వ్యాయామమూ ఉంది. డాక్టరు రాసివ్వాలి, సొంతంగా వద్దు. నా అనుమానం ఏంటంటే మీ ఆయన సాయంత్రం తాగేది చాలావరకు రాత్రి ఆ నొప్పి తెలియకుండా పడుకోడానికి. కాంటీన్ కోటా సీసాలు దాచేసి గొడవ పెట్టుకోకు, ఊళ్లో బెల్టు షాపు ఉండనే ఉంటుంది. నొప్పికి మందు పడితే సీసా దానంతటదే కొంత తగ్గొచ్చు. తగ్గకపోతే అప్పుడు అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం. ఒకవేళ "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు గానీ వస్తే మటుకు ఆలస్యం చెయ్యకు. 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే నువ్వే మాట్లాడు.

ఇక ఎక్కడికెళ్లాలి అంటే, ఈసీహెచ్‌ఎస్ కార్డు, అదే మాజీ సైనికుల వైద్యం కార్డు, ఉండే ఉంటుంది కదా, మీకు దగ్గర్లోని పాలీక్లినిక్‌కి వెళ్లి కాలి సంగతి, నొప్పి సంగతి రెండూ చెప్పి రిఫరల్ అడుగు. "కాలు బాగా లేదు" అని గాలికి చెప్పినట్టు చెప్తే గోళీలిచ్చి పంపుతారు. "సాకెట్ వదులైంది, పుండు పడుతోంది, మార్పించాలి" అని ఈ మాటల్లోనే చెప్పు. పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ మీ ఆయనకి తెలిసిన చోటే. 1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సిపాయిల కోసం పెట్టింది అది. ఒకసారి కాలు ఇచ్చేశాక పని అయిపోయిందని వాళ్లూ అనుకోరు, మార్పులకి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు బోలెడుమంది.

నేను పుణె అనడానికి ఇంకో కారణం కూడా ఉంది, నా మటుకు నాకు అదే పెద్ద కారణం. అక్కడ వార్డులో ఇటు మంచం మీద వాడికి కాలుండదు, అటు వాడికి రెండు కాళ్లుండవు, పొద్దున్నే ఒకణ్ణొకడు తిట్టుకుంటూ, కర్రలు లాక్కుంటూ, "అరే లంగ్డే, చాయ్ లా" (ఒరే కుంటోడా, టీ తే) అని ఆటపట్టించుకుంటూ ఉంటారు. బయటివాడు ఆ మాటంటే కొట్లాటవుతుంది, వాళ్లలో వాళ్లంటే నవ్వు. మీ ఊళ్లో మీ ఆయన్ని చూసి అందరూ "అయ్యో పాపం" అంటారు తప్ప తిట్టేవాడు ఒక్కడూ లేడు. నిన్నటిదాకా పది మంది జవాన్లకి ఆర్డరేసిన నాయక్‌కి ఆ జాలి ఎంత మండుతుందో నేను చెప్పలేను. దుప్పటి లాక్కుంటున్నది కాలు దాచడానికి మాత్రమే అనుకోకు.

హొకాటో సేమా అని నాగాలాండ్ అతను, అస్సాం రెజిమెంట్ హవల్దార్, 2002లో కశ్మీర్‌లో మందుపాతర మీద కాలు పడి మోకాలి కింద పోయింది, అచ్చం మీ ఆయన లాగే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో కంచు పతకం తెచ్చాడు, అప్పటికి నలభయ్యేళ్లు. పతకం సంగతి అటుంచు, నాకు నచ్చింది మధ్యలో లెక్క. 2002కీ, అతను మొదటిసారి షాట్‌పుట్ పట్టుకున్న 2016కీ మధ్య పద్నాలుగేళ్లు. అది కూడా ఆ పుణె లింబ్ సెంటర్లోనే ఒక ఆఫీసరు చూసి, నీ ఒళ్లు బాగుంది, ఆట మొదలుపెట్టు అంటే. అంచేత మూడేళ్లకే మీ ఆయన పని అయిపోయిందని ఎవరైనా అంటే నమ్మకు. అలాగని ఆ వీడియోలు తెచ్చి "చూడండి ఆయన్ని" అని ముఖం ముందు మాత్రం పెట్టకు, దాని కంటే చికాకు ఇంకోటి ఉండదు. అందరూ ఇనుప గుండు విసరక్కర్లేదు. బజారుకెళ్లి కూరగాయలు తెస్తే చాలు.

పుణె దాకా ఇప్పుడే కదలనంటే మీ మండలంలోనే మాజీ సైనికులు ఎంతమంది లేరు! పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరిని మిలిటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటింటి నుంచి సైన్యానికి వెళ్తున్న ఊరు. మీ ఊరికి ఆ పేరు లేకపోవచ్చు గానీ, మీ శ్రీకాకుళం పిల్లలు లేని యూనిట్ నా సర్వీసులో నేను చూడలేదు. మీ దగ్గర్లో మాజీ సైనికుల సంఘం ఎవరు నడుపుతున్నారో కనుక్కుని, ఒక పెద్దాయనకి, సూబేదారో హవల్దారో అయి ఉంటే మరీ మంచిది, నువ్వే ఫోన్ చేసి పరిస్థితి చెప్పు. పండ్లు పట్టుకుని పరామర్శకి రావొద్దని మరీ చెప్పు. ఏదో పని మీద రమ్మను. "నాయక్ సాబ్, నా డిశ్చార్జి బుక్కులో ఈ ఎంట్రీ ఏంటో అర్థం కావట్లేదు, చూసి పెట్టు" అని రమ్మను. అబద్ధమే, అయినా పర్వాలేదు.

ఇప్పుడు మరిది సంగతి. కుర్రాడు చెడ్డవాడని నేననను, సాయం చేస్తూనే ఉండొచ్చు. కానీ ఇప్పుడు పెన్షన్ అంతా రక్షణ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో నడుస్తోంది. అందులో ఏ ఫోన్ నంబరు ఉంటే ఓటీపీ దానికే పోతుంది. ఆ నంబరు మీ ఆయనదై ఉండాలి, ఖాతా పాస్‌బుక్, ఏటీఎం కార్డు నీ ఇంట్లో ఉండాలి. ఇది మీ ఆయన నోటి నుంచే రావాలి, నువ్వు మరిదితో పోట్లాడితే ఊరంతా "కోడలు డబ్బు కోసం" అంటుంది. "బాబూ, నంబరు మార్చాలంట, లైఫ్ సర్టిఫికెట్‌కి ఇబ్బంది అవుతుందంట" అని ఆయన అంటే సరిపోతుంది. అదీ నిజమే, ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది.

తర్వాత పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఆర్డరు కాయితం, తీసి ముందరేసుకో. మూడు చూడు.

ఒకటి, నీ పేరు, పాప పేరు. మన తెలుగువాళ్లకి పెద్ద తలనొప్పి ఇదే, ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ. రికార్డుల్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పదో తరగతి సర్టిఫికెట్లో మూడోలా ఉంటుంది. ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు, ఫ్యామిలీ పెన్షన్ దగ్గరికి వచ్చాక బయటపడుతుంది. ఇరవయ్యారేళ్లు ఈ కాయితాలే రాసిన నాకే, మా ఆవిడ పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని ఒక ఆఫీసు వాళ్లు ఫైలు మూడుసార్లు వెనక్కి పంపారు. ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే సరిచేయించుకోవడం సులువు. పాప పుట్టినప్పుడు యూనిట్లో పార్ట్ టూ ఆర్డర్, అంటే ఆ సంగతి ఆయన రికార్డులో ఎక్కించే ఆర్డరు, పడిందో లేదో కూడా కనుక్కో.

రెండు, పెన్షన్ పేరు. సరిహద్దులో మందుపాతర పేలి పోయిన కాలికి యూనిట్ వాళ్లు బ్యాటిల్ క్యాజువాలిటీ (యుద్ధచర్యలో తగిలిన గాయం) అని రాసి ఉండాలి, అలా రాస్తే వచ్చేది వార్ ఇంజురీ పెన్షన్. మామూలు డిసేబిలిటీ పెన్షన్ అని ఉంటే అడగాలి. పేరులో తేడా చిన్నదే, డబ్బులో తేడా చాలా పెద్దది. పైగా పిల్లల చదువు రాయితీ కూడా దీని మీదే ఆధారపడుతుంది, యుద్ధచర్యల్లో చనిపోయిన, వికలాంగులైన వాళ్ల పిల్లలకి ట్యూషన్ ఫీజు పూర్తిగా ప్రభుత్వం ఇచ్చే స్కీము ఒకటుంది, మీ పాప దానికి వస్తుంది.

మూడు, శాతం. బోర్డు 60 అని రాసింది కదా. బ్రాడ్ బ్యాండింగ్ అని ఒక పద్ధతుంది, 50 కంటే తక్కువ ఉంటే 50గా, 50 నుంచి 75 లోపు 75గా, ఆపైన 100గా లెక్కకట్టాలి. అంటే మీ ఆయనకి 75 మీద లెక్క రావాలి. సర్వీసు పూర్తయ్యి రిటైరైన వాళ్లకి కూడా ఇది ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, మీ ఆయన లాగా మధ్యలో బోర్డు పంపేసిన వాళ్లకి అంతకు ముందు నుంచే ఉంది. పీపీఓలో 60 మీదే కట్టి ఉంటే రికార్డ్ ఆఫీసుకి రాయాలి, అక్కడ తేలకపోతే ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మన వాళ్లకి చెన్నై బెంచి. ఈలోగా "ఎరియర్స్ తెప్పిస్తాం, ఇరవై శాతం మాకివ్వండి" అంటూ ఒకడు తప్పకుండా వస్తాడు. కుర్చీ వెయ్యకు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో అర్జీ రాసిపెట్టడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

ఆ ఆఫీసుకి ఎటూ వెళ్తావు కాబట్టి, మీ ఆయన పేరు ఉద్యోగానికి నమోదు చేయించు. ఆయన నవ్వుతారు, నవ్వనీ. బ్యాంకుల్లో, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకి 14.5 శాతం ఉంటే, అందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకీ, యుద్ధంలో చనిపోయిన వాళ్ల ఇంటివాళ్లకీ. ఇంకో చిక్కు, మిలట్రీ బోర్డు రాసిన 60 శాతం బయట వికలాంగుల కోటాకి, రైలు రాయితీకి చెల్లదు. దానికి విడిగా సదరం క్యాంపులో, అంటే వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ క్యాంపులో, చూపించుకుని యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోవాలి. సచివాలయంలో స్లాట్ బుక్ చేస్తారు. ఆయన ఆ లైన్లో నిలబడనంటారు, తెలుసు, ముందు కాలు సరిపోనీ.

పుణెలోనే క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అని, 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో అవయవాలు పోయిన సిపాయిలకి పని నేర్పడానికి పెట్టిన సంస్థ ఇంకా నడుస్తోంది. కాలు మార్పించడానికి వెళ్లినప్పుడు ఒక పూట అక్కడికి తీసుకెళ్లు. చేర్పించడానికని చెప్పకు. చూసి వద్దామను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు అడిగిన అసలు ప్రశ్న ఇది, నేను చివరికి తెచ్చాను, క్షమించు. ఆయన బాగయ్యాక నేను మొదలుపెట్టాలా అన్నావు. వద్దు. ఈ నెలలోనే మొదలుపెట్టు. మీ మామగారు అనేది నాకర్థమైంది, కొడుకు మంచం మీదుంటే కోడలు గడప దాటుతుంటే ఆయనకి భయం. కానీ ఇరవై నాలుగ్గంటలు ఎదురుగా కూర్చుని "మంచినీళ్లు కావాలా, కాలు నొప్పా" అని అడిగే మనిషి ఉన్నంతకాలం మీ ఆయన పేషెంటుగానే ఉంటారు. నువ్వు పొద్దున తొమ్మిదికి బయటికెళ్తే, పాపకి జడ ఎవరు వెయ్యాలి, మధ్యాహ్నం బడి నుంచి ఎవరు తేవాలి అన్న ప్రశ్న ఆయన ముందు కొస్తుంది. జడకి రెండు చేతులు చాలు. మొదటి వారం వంకరగా వేస్తారు, పాప ఏడుస్తుంది, నువ్వు సరిచెయ్యకు, అలాగే బడికి పంపు.

ఏం నేర్చుకోవాలి అంటే, ఎవరిని అడిగినా కుట్టు మిషన్ అంటారు. నాకీ కుట్టు మిషన్ల మీద చిరాకు. ఎక్కడ ఆడమనిషికి కష్టం వచ్చినా ఒక మిషన్ ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోతారు, ఊళ్లో ఇప్పటికే పన్నెండు మిషన్లుంటాయి, కుట్టించుకునేవాళ్లు నలుగురు. నీకు కుట్టడం ఇష్టమైతే సరే. లేదంటే నా మాట విను, కంప్యూటర్ నేర్చుకో. జిల్లాకో ఆర్‌సెటీ ఉంటుంది, గ్రామీణ యువత కోసం బ్యాంకులు నడిపేవి, ఉచితం, భోజనం కూడా వాళ్లే పెడతారు. ఏ కోర్సు ఎప్పుడుందో మీ బ్యాంకు మేనేజర్ని అడిగితే చెప్తారు. అక్కడ మూలాలు నేర్చుకుని, టీఈసీ అనే పరీక్ష పాసై, ఊళ్లో జనానికి ఆన్‌లైన్ ప్రభుత్వ పనులు చేసిపెట్టే కామన్ సర్వీస్ సెంటర్‌కి దరఖాస్తు పెట్టు. స్పర్శ్ పనులు, లైఫ్ సర్టిఫికెట్లు ఈ సెంటర్లలో చేస్తారు. మీ చుట్టుపక్కల ఎంతమంది ఫౌజీలు, ఎంతమంది సిపాయి భార్యలు పేరు తప్పు పడిందనో వేలిముద్ర పడలేదనో ఆటోలకి డబ్బులు పెట్టుకుని పట్నం తిరుగుతున్నారో నీకు తెలిసే ఉంటుంది. మామూలు సెంటర్ వాడికి పీపీఓ అంటే ఏంటో తెలియదు, డిశ్చార్జి బుక్కు ఏ వైపు తిప్పి చదవాలో తెలియదు. నీ పక్కన చదివిపెట్టే నాయక్ ఒకాయన కుర్చీలో కూర్చుని ఉంటారు. ఆ సంగతి ఇప్పుడే ఆయనతో అనకు, ప్లాన్ వేసి ఇరికించావనుకుంటారు. ముందు నీ సొంత పీపీఓ నువ్వు చదవడం మొదలుపెట్టు, అర్థం కానప్పుడు ఆయన్నే అడుగు.

ఈ ఉత్తరాలు చదివే మరో ఇద్దరు ముగ్గురి కోసం ఇక్కడే ఒక మాట. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయిన సిపాయిలకి పుణె దగ్గర ఖడ్కీలో 1974 నుంచి పారాప్లెజిక్ రీహాబిలిటేషన్ సెంటర్ ఉంది, మొహాలీలో ఇంకోటి. ఇంట్లో చూసుకోలేక కాళ్లకి పుండ్లు పడనివ్వడం కంటే అక్కడ ఉండటం నయం, పంపినంత మాత్రాన వదిలేసినట్టు కాదు. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డలున్న ఫౌజీలు మటుకు, మీరు బతికుండగానే ఆ బిడ్డ పేరు పీపీఓలో ఎక్కించండి, వికలాంగులైన పిల్లలకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. తల్లిదండ్రులిద్దరూ పోయాక మేనమామ ఆ ఫైలు పట్టుకుని తిరగడం నేను చూశాను, మళ్లీ చూడలేను.

అమ్మా, నీకు చివరగా కాయితాల సంగతి ఒకటి. ఏ ఆఫీసుకెళ్లినా డిశ్చార్జి బుక్కు, పీపీఓ, మెడికల్ బోర్డు కాయితాలు ఒరిజినల్ ఇవ్వకు, చూపించి వెంటనే వెనక్కి తీసుకో, జిరాక్సులు నాలుగు సెట్లు ముందే పెట్టుకో. బోర్డు కాయితాల్లో గాయం ఎలా తగిలిందని రాశారో ఆ రెండు లైన్లు ఇంగ్లీషులో ఎలా ఉన్నాయో అలాగే కాపీ చేసి నాకు పంపు. పేర్లు, నంబర్లు కొట్టేసి పంపు. వార్ ఇంజురీకి రాయాల్సిన అర్జీ ఎలా మొదలుపెట్టాలో ఆ రెండు లైన్లు చూస్తే గానీ చెప్పలేను.